వెనక గదిలో ఫ్యాను

జగ్గయ్యపేట. 2007, శ్రావణమాసం. పదకొండు కావస్తోంది, ముసురుగా ఉంది. బాలామణి ఇంటి పెరట్లో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. ఒకరు బాలామణి. రెండోవాడు ఆమె మేనకోడలు యామిని భర్త గిరీష్, నందిగామలో విత్తనాలు, పురుగుమందుల షాపు అతనిది. అతని తమ్ముడు రాజేష్ గేటుకి అడ్డంగా కారు పెట్టుకుని అందులోనే కూర్చున్నాడు.

"లేదని గంట నుంచీ చెబుతున్నా గదా అల్లుడుగారూ. మా యామిని ఇక్కడికి రాలేదు."

"సరే అత్తయ్యగారూ. రాలేదంటే రాలేదు. నేనేమన్నా కాదన్నానా?"

"మరి అట్లా చూస్తారేంటి?"

"మీ పెరడు చూస్తున్నా. ఉగాదికి వచ్చినప్పుడు ఇదంతా పిచ్చిమొక్కలు. ఇప్పుడు చూడండి, ఎంత బాగుందో."

"ఖాళీగా ఉండలేక నాలుగు గింజలు వేసుకున్నా. అది గోంగూర, అది బెండ. ఆ మూల బంతి నారు. ఈ నెల వానలు బాగా పడ్డాయిగా, వేసిందల్లా లేచింది. ఎండలో ఎందుకు నిలబడటం, రండి, వరండాలో కూర్చుందాం."

"ఎండెక్కడుందండీ?"

"అదే, ముసుర్లో ఎందుకని."

"ఈ పొట్ల పందిరి ఎవరు వేశారు?"

"పక్కింటి ఖాజావలి. జీపు తోలతాడు, మీరు చూశారుగా అతన్ని."

"కాయలకి రాళ్ళు కట్టింది కూడా అతనేనా?"

"నేనే కట్టా. కట్టకపోతే వంకర పోతాయి."

"భుజం నొప్పి, చెయ్యి పైకి లేవట్లేదని మొన్న పెళ్ళిలో అన్నారు."

"స్టూలు వేసుకుని కట్టా."

"ఈ ముడి చూడండి. రెండుసార్లు చుట్టి, మధ్యలోంచి లాగి, చివర బొత్తాంలాగా. మా షాపులో సంచులకి యామిని ఇట్లాగే కట్టేది. విప్పలేక కుర్రాళ్ళు తిట్టుకునేవాళ్ళు."

"మా పుట్టింట్లో అందరం అట్లాగే కడతాం. మా అమ్మ నేర్పింది."

"అట్లాగా."

"అట్లాగే."

"మామయ్యగారు ఏరండీ?"

"విజయవాడ వెళ్ళారు, కొట్లోకి సరుక్కి."

"సరుక్కి ఎప్పుడూ గురువారం వెళ్ళేవారు. ఇవాళ సోమవారం."

"శ్రావణమాసం గదండీ, గిరాకీ ఎక్కువ. ఇంతకీ మీ నాన్నగారికి షుగరు ఎట్లా ఉంది? మా ఆడపడుచు కూతురికి చందర్లపాడులో సంబంధం కుదిరింది, చెప్పానా? పిల్లవాడు టీచరు. మా తమ్ముడు వెంకటరత్నం వీరులపాడులో ఇల్లు బాగు చేయిస్తున్నాడంట, మొన్న ఫోన్ చేశాడు."

"వీరులపాడు మొన్ననే వెళ్ళొచ్చా. ఆయన పెరడు చూడలా. గదులు మాత్రం చూసా."

"గదులా?"

"మామగారు కాస్త కోపం తెచ్చుకున్నారు. తగ్గిపోతుంది లెండి."

"రాజేష్‌ని లోపలికి పిలవండి. ఆ పిల్లవాడు కారులో ఎంతసేపు కూర్చుంటాడు? వాళ్ళ పాపకి మూడేళ్ళు నిండాయేమో. తల్లి లేని పిల్ల. నాగవల్లి సంవత్సరీకం ఈ నెల్లోనేగా?"

"వాణ్ణి అక్కడ ఉండనివ్వండి. గేటు దగ్గర ఎవరో ఒకరు ఉండాలి."

"ఎందుకు?"

"ఎవరన్నా బయటికి వెళ్తారేమోనని. అత్తయ్యగారూ, మీరు డిటెక్టివ్ నవలలు చదువుతారా?"

"అప్పుడప్పుడూ."

"నిన్న పని మీద ఈ ఊరొచ్చా. అద్దె పుస్తకాల కొట్టు భవానీప్రసాద్ మాకు పాత కస్టమరు, పొలం ఉందిగా వాళ్ళకి. మాటల్లో అన్నాడు. మీ బాలామణిగారు నెలరోజుల్లో ఇరవయ్యారు నవలలు పట్టుకెళ్ళారండీ, అన్నీ డిటెక్టివ్‌లేనండీ, అని. ఈ వయసులో ఏం చదువుతున్నారండీ అని మెచ్చుకున్నాడు కూడా."

"కంటి ఆపరేషన్ అయింది గదండీ. కొత్త చూపొచ్చింది. రోజుకొకటి చదివి పారేస్తున్నా."

"అరుగు మీద ఉన్న ఈ పుస్తకం ఎంతవరకూ వచ్చింది?"

"సగం."

"ఎవరు చచ్చిపోయారు ఇందులో?"

"ఒక జమీందారు."

"చచ్చిపోయింది డాక్టరు. ఇదిగో, మొదటి పేజీలోనే పోయాడు."

"అన్నీ కలగాపులగం అయిపోతాయి నాకు. ఆ పుస్తకం ఇటివ్వండి, తడుస్తుంది."

"మీరెందుకో కంగారు పడుతున్నారే."

"బీపీ ఉంది నాకు. మాత్ర వేసుకోలేదు పొద్దున."

"నేనే పిలిచి చూస్తా. యామినీ. ఓ యామినీ."

"ఎందుకండీ అంత అరుపు? అయినా దానికి ఎడమ చెవి వినపడదుగా, అట్నుంచి పిలిస్తే పలకదు."

"ఏమన్నారు?"

"ఏమన్నా? ఏం లేదు."

"ఎడమ చెవి వినపడదన్నారు. ఆ చెవికి దెబ్బ తగిలింది జూన్ ఆఖర్లో. తర్వాత మీరు మా ఇంటికి రాలేదు, యామిని మా ఇల్లు దాటలేదు, పారిపోయిన రోజు దాకా. చెవి సంగతి మీకెట్లా తెలిసింది?"

"ఎవరో అన్నారు."

"ఎవరు?"

"పెళ్ళిలో ఎవరో... గుర్తులేదు అల్లుడుగారూ. నన్నట్లా గుచ్చి గుచ్చి అడక్కండి."

"ఆ వెనక గదిలో ఫ్యాను తిరుగుతోంది. చప్పుడు ఇక్కడికి వినపడుతోంది."

"తిరగనివ్వండి."

"బయట తాళం, లోపల ఫ్యాను. ఎవరికండీ గాలి?"

"వడియాలకి."

"వడియాలకా?"

"గుమ్మడి వడియాలు పెట్టా. ముసురు పట్టుకుంది, ఆరట్లేదు. అందుకని ఫ్యాను వేశా. పిల్లి దూరుతుందని తాళం వేశా."

"ఇంత చదివారు, అబద్ధం ఆడటం రాలేదు మీకు. తాళంచెవి ఇవ్వండి."

"మీ మామయ్యగారి మొలతాడుకి ఉంటుంది."

"అత్తయ్యగారూ, ఇట్లా కూర్చోండి. నేను గొడవ పడటానికి రాలేదు. నా మాట వినండి. యామినికి మనసు బాలేదు. నాగవల్లి మేడమెట్ల మీద నుంచి పడి పోయిన దగ్గర్నుంచీ ఇంతే. తినదు, పడుకోదు. ఏవేవో చూశానంటుంది. విజయవాడలో డాక్టరుతో మాట్లాడా. నెలరోజులు అక్కడ ఉంచితే బాగవుతుందన్నాడు. ఇవాళే తీసుకెళ్తా."

"అట్లాగా పాపం."

"మీకేం చెప్పింది?"

"నాకేం చెబుతుంది, ఇక్కడికి రాందే?"

"నాగవల్లిని నేను తోశానంది గదా. మీ మొహం చూస్తే తెలుస్తోంది. చెప్పింది."

"బాబూ, నాకెందుకు ఇవన్నీ. ముసలిదాన్ని. మొక్కలు, పుస్తకాలు..."

"మా వంశంలో అట్లాంటి మాట ఎవరన్నా అంటారా? తమ్ముడి పెళ్ళాం, ఇంటి ఆడపిల్లలాంటిది. పిచ్చి గాకపోతే?"

"రాజేష్‌కి తెలుసా, యామిని ఇట్లా అంటోందని?"

"వాడికెందుకు? వాడు అసలే సగం చచ్చి ఉన్నాడు. వదినకి ఆరోగ్యం బాలేదని చెప్పి తీసుకొచ్చా. వాడి చెవిన గనక ఈ మాట పడిందో, మీ ఇంట్లో ఎవరూ..."

"అక్కా. బాలామణక్కా. ఉన్నావా?"

"ఎవరది?"

"పక్కింటి అమీర్‌బీ. ఖాజావలి భార్య. గోడ అవతలినుంచి పిలుస్తోంది."

"పంపించెయ్యి. మామూలుగా మాట్లాడు. నేను నీ పక్కనే ఉన్నా."

"ఏంటమ్మా అమీర్‌బీ?"

"రెండు రెబ్బలు కరివేపాకు కావాలక్కా. నీ గొంతేంటి అట్లా ఉంది?"

"జలుబు చేసింది. చుట్టాలొచ్చారు, తర్వాత కోసి పంపిస్తాలే."

"గేటు ముందు కారులో ఉన్నాయన మీ వాళ్ళేనా? ఇందాకట్నుంచీ ఒక్కడే కూర్చున్నాడు. మజ్జిగ ఇవ్వనా?"

"ఇవ్వు తల్లీ. మంచి పిల్లవాడు."

"సరే అక్కా. నేను ఇక్కడే ఉన్నా, బట్టలు ఉతుకుతున్నా. కేకేస్తే పలుకుతా."

"సరేనమ్మా."

"బాగా మాట్లాడావు. ఇట్లాగే ఉండు."

"బాబూ, ఆ వరండాలో ఫోను తీగ ఎందుకు లాగుతున్నావు?"

"మోగితే నువ్వు కంగారు పడతావని."

"వదులు. చెయ్యి నొప్పి. వదులు బాబూ, నేను ఎక్కడికి పోతాను?"

"తాళంచెవి."

"నిజంగా నా దగ్గర లేదు. కాసేపు ఆగు. దానికి నువ్వంటే భయం. నేను తలుపు దగ్గర నిలబడి నెమ్మదిగా మాట్లాడతా. అది వింటుంది నా మాట. పది నిమిషాలు ఆగు."

"ఉందని ఒప్పుకున్నావుగా."

"నేను ఒప్పుకోలేదు."

"తలుపు దగ్గర నిలబడి ఎవరితో మాట్లాడతావు? వడియాలతోనా?"

"టైమెంతైంది బాబూ?"

"టైముతో నీకేం పని?"

"మాత్ర వేసుకోవాలి."

"పన్నెండుకి పావుగంట తక్కువ. వేసుకుందువులే. ఆ గునపం ఇటివ్వు."

"అది బంతి మడికి పాదులు తవ్వేది. అక్కడ పెట్టు. తలుపు పాతది, మా అత్తగారి నాటిది. బాబూ, ఆగు. యామినిని ఏమీ అనకు. దాని ఒంట్లో ఇంకో దెబ్బకి చోటు లేదు. చెప్పింది విను. గిరీష్, విను నా మాట."

"అవతలికి జరుగు."

"అమ్మో."

"జరగమన్నానా లేదా? యామినీ, తలుపు పక్కన ఉంటే ఎడంగా నిలబడు. తాళం కొడుతున్నా."

"అక్కా, ఏంటా చప్పుడు? అక్కా."

"ఏం లేదు అమీర్‌బీ. నువ్వు రాకు."

"విరిగింది. ఇదిగో, చూడు, ఎంతసేపు పట్టింది? యామినీ, రా బయటికి. నేనేమీ అనను. రా. ఏదీ?"

"దుప్పటి తొక్కకు బాబూ. వడియాలు."

"మంచం కింద... ఈ అలమార్లో... ఏదీ అది?"

"నేను మొదట్నుంచీ ఇక్కడ లేదనే చెబుతున్నా."

"ఎక్కడ దాచావు? మేడ మీదా? పక్కింట్లోనా? మాట్లాడు."

"మెడ వదిలితే మాట్లాడతా."

"చెప్పు."

"చెబుతా. ఊపిరి ఆడనివ్వు. ఇప్పుడెంతైంది టైము?"

"పన్నెండు."

"అయితే చెప్పొచ్చు. పొద్దున ఎనిమిదింటికి అది, మీ మామయ్యగారు, ఖాజావలి జీపులో నందిగామ వెళ్ళారు. పదిన్నరకి కోర్టులో మేజిస్ట్రేటుగారి ముందు కూర్చోవాలి. ఈపాటికి చెప్పడం అయిపోయి ఉంటుంది."

"ఏం చెప్పడం?"

"చూసింది చెప్పడం. నువ్వు పదింటికి గేటు తీసుకుని వచ్చేసరికి ఇంట్లో నేనొక్కదాన్నే బాబూ. యామిని లేదు అని గట్టిగా చెప్పి, ఇల్లంతా చూపించానే అనుకో. నువ్వు నమ్మేవాడివి. కారు తిప్పుకుని నందిగామే పోయేవాడివి. మీ షాపు దగ్గర్లోనే కోర్టు, అక్కడ దాన్ని చూసేవాడివి. అందుకని నమ్మేటట్టు చెప్పలేదు. ముప్పై ఏళ్ళు కొట్లో కూర్చున్నదాన్ని, నాకు అబద్ధం ఆడటం రాదా?"

"ఆ పుస్తకం..."

"చచ్చిపోయింది డాక్టరని నాకు తెలుసు. యామిని నాకు చదివి వినిపించింది."

"చెవి సంగతి?"

"అది నిజంగానే నోరు జారింది. భయానికి."

"నువ్వు ఏం చేశావో నీకు తెలియట్లేదు."

"తెలుసు. వచ్చిన కొత్తలో అది ఎట్లా ఉండేదో నువ్వు చూడలేదు. గేటు చప్పుడైతే మంచం కిందకి దూరేది. ముప్పై ఏళ్ళ మనిషి. పెరట్లోకి రావడానికి వారం పట్టింది. మట్టిలో చెయ్యి పెట్టాక కాస్త తేరుకుంది. పగలు మొక్కలు, సాయంత్రం పుస్తకాలు. ఎన్ని తెచ్చినా చాలేవి కాదు. ఒకరోజు పుస్తకం మూసి అంది, అత్తా, ఇందులో ప్రతిసారీ చూసినవాడు ఒకడుంటాడు, వాడు భయపడి నోరు మూసుకుంటాడు, వాడి వల్ల ఇంకొకరు చస్తారు, హంతకుడి కన్నా వాడి మీదే నాకు కోపమొస్తోంది, అని. అని ఏడ్చింది. మర్నాడు వాళ్ళ మామయ్యని అడిగింది, ఎవరికి చెప్పాలి అని."

"ఏం చూసిందంట?"

"నీకు తెలియదా?"

"నీ నోటితో చెప్పు."

"మీ గోడౌన్‌లో పోయినేటి పత్తి విత్తనాలు కొత్త సంచుల్లో పోస్తుంటే నాగవల్లి చూసింది. రైతులు మునిగిపోతారు బావగారూ, మా ఆయనకి చెబుతా అంది. మేడ మీద దాని నోరు మూయబోయావు. అది విదిలించుకుంది. మెట్ల మొదట్లో నువ్వు తోశావు. పై గది కిటికీలోంచి యామిని చూసింది. ఏడాదిపాటు దాని నోరు ఎట్లా మూయించావో దాని ఒళ్ళు చెబుతుంది."

"కట్టుకథ. అంతా పుస్తకాల్లోది. పిచ్చిదాని మాట కోర్టు నమ్ముతుందా? ఆ రోజు నేను ఊళ్ళోనే లేను. పరిటాలలో ఉన్నా, డీలరు దగ్గర. కబురు తెలిసి వచ్చేసరికి శవాన్ని హాల్లో పడుకోబెట్టారు. మా నాన్న చెబుతాడు. రాజేష్ చెబుతాడు. పడ్డప్పుడు దగ్గర పురుగు కూడా లేదు."

"అన్నయ్యా."

"నువ్వెప్పుడొచ్చావు రా? గేటు వదిలి ఎందుకొచ్చావు?"

"మజ్జిగ గ్లాసు ఇచ్చి ఆవిడ నన్ను లోపలికి వెళ్ళమంది. ఏదో విరిగిన చప్పుడైందని. నాన్న కూడా ఫోన్ చేశాడు. షాపుకి పోలీసులొచ్చారంట. గోడౌన్ తాళాలు అడుగుతున్నారంట."

"పద, పోదాం. దారిలో చెబుతా. మీ వదిన మతిపోయి ఏదో వాగింది."

"నేను కాసేపట్నుంచీ ఇక్కడే ఉన్నా. విన్నా."

"విని? వీళ్ళ మాట నమ్ముతావా నువ్వు? నీతో కలిసి ఏడ్చినవాణ్ణి నేను. పదమూడు రోజులు నీ పక్కన పడుకున్నవాణ్ణి."

"అవును. పడుకున్నావు."

"మరి?"

"బాలామణిగారూ, మీరు కూర్చోండి. మెడ మీద రక్తం వస్తోంది."

"నాకేం కాలేదు నాయనా. నువ్వు కూర్చో."

"రాజేష్, కారు తియ్యి."

"తీస్తా. ఒక్కమాట అడుగుతా అన్నయ్యా. ఆ పదమూడు రోజుల్లో ఒకనాడు నేను తల గోడకేసి కొట్టుకుంటుంటే, ఊరుకోరా, చివర్లో అది పాప లేచిందేమో చూడమంది, పాప పేరుతోనే పోయింది అన్నావు. ఏడాదిగా ఆ మాట పట్టుకునే బతుకుతున్నా. నువ్వు పరిటాలలో ఉంటే, దగ్గర ఎవరూ లేకపోతే, అది ఆ మాట అన్నట్టు నీకెట్లా తెలుసు?"